పగుళ్ళ లెక్క

“ఆ బట్టలు ముట్టుకోకు. నేనే సర్దుకుంటాను.”

“సాయం చేద్దామని.”

“నీ సాయం నిన్న సభలో చూశాను. నేనొక్కదాన్నే కాదు, హాలు హాలంతా చూసింది. చాలు.”

పడగ్గదిలోంచి కూతురి గొంతు వినపడగానే పెద్దావిడ పొయ్యి కట్టేసింది. పాలింకా కాగలేదు. ఇంట్లో ఇలాంటి మాటలు నడుస్తున్నప్పుడు పొయ్యి మీద ఏదైనా మరుగుతూ ఉండడం ఆవిడకి భయం.

నిన్న సాయంత్రం ల్యాబ్ నుంచి భార్యాభర్తలిద్దరూ వేరువేరుగా వచ్చారు. రాగానే కూతురు గది తలుపు వేసుకుంది. అల్లుడు హాల్లో సోఫా మీద పడుకున్నాడు. పొడుగు మనిషి. కాళ్ళు చాపితే సోఫా దాటిపోతాయి, ముడిస్తే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. తెల్లారి చూస్తే ఎలా పడుకున్నవాడు అలాగే ఉన్నాడు. కళ్ళు మాత్రం తెరుచుకుని ఉన్నాయి.

ఇప్పుడు గదిలో మంచం మీద సూట్‌కేసు నోరు తెరుచుకుని ఉంది.

“ఒక్కసారి నా మాట విను, గువ్వా.”

“ఆ పేరు ఎత్తకు. అది మా నాన్న పెట్టిన పేరు. ఇంకోసారి నీ నోటమ్మట వింటే బాగుండదు.”

పెద్దావిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి వెళ్తే ఎవరి తరఫున వచ్చావని అడుగుతారు. వంటింట్లోకి వెళ్ళిపోతే నీకేం పట్టదా అంటారు. తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ, అవి పొడిబారాక కూడా తుడుచుకుంటూ నిలబడింది.

“డేటాలో ఎప్పుడైనా కల్తీ కలపొచ్చని మనందరికీ తెలుసు. ఒప్పుకునే చేరాం,” అన్నాడు అల్లుడు. “కలిపినవాళ్ళు బయటికి చెప్పకూడదు. అది నేను పెట్టిన నియమం కాదు.”

“కల్తీ కలుపుతారని తెలుసు. కలిపినవాడు నా పక్కన పడుకుని గురక పెడుతున్నాడని తెలియదు.”

“గురక పెట్టలేదు. నిద్రే పట్టేది కాదు నాకు.”

“అయ్యో పాపం. చెప్పుంటే జోకొట్టేదాన్ని.”

కల్తీ అన్న మాట పెద్దావిడ నిన్ననే మొదటిసారి విన్నది. మిగతాదంతా ఆవిడకి కంఠతా వచ్చు. కూతురు ఫోన్‌లో తండ్రికి చెప్తుంటే ఎన్నిసార్లు విందో. భూమి అడుగున ఒక పెద్ద గుండ్రటి సొరంగం ఉంటుంది. అందులో ఎలక్ట్రాన్లు ఒకవైపు నుంచి, వాటికి ఎదురుజోడులాంటి పాజిట్రాన్లు ఇంకోవైపు నుంచి పరిగెత్తుకొచ్చి ఢీకొంటాయి. మామూలుగా అయితే రెండు కాంతి రేణువులు ఎదురెదురు దిక్కులకి ఎగురుతాయి. ఎప్పుడైనా ఒక పక్క ఒక్క కాంతి రేణువే ఎగిరి, రెండో పక్క ఏమీ కనపడకపోతే, అటువైపు ఏదో కంటికి ఆననిది వెళ్ళిపోయిందన్నమాట. ఇంతవరకూ ఎవరూ చూడనిది. కూతురు వెతికేది దాన్నే.

“అంటే మిగిలినవాణ్ణి చూసి పోయినవాడెవడో చెప్పడమా?” అని నవ్వేవాడు ఆయన. రైలు గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఎక్కించినవాళ్ళు ప్లాట్‌ఫాం మీద ఎలా నిలబడ్డారో చూస్తే చాలు, రైల్లో వెళ్తున్నది కొడుకో, భర్తో, బాకీవాడో చెప్పేస్తాననేవాడు.

కూతురికి అలాంటి ఒంటరి రేణువులు దొరికాయి. ఉండాల్సినవాటికంటే ఎక్కువగా, అన్నీ ఒకే చోట కుప్పపడి. ఆ రోజు ఫోన్‌లో దాని గొంతు వణికింది. తర్వాత నెలల తరబడి పరీక్షలు. ఆ కాంతిని పట్టడానికి చుట్టూ పేర్చిన స్ఫటికాలకీ స్ఫటికాలకీ మధ్య సన్నటి పగుళ్ళుంటాయి. రెండో కాంతి రేణువు ఆ పగుళ్ళలోంచి జారిపోయి ఉంటే, పోయింది కొత్తదేమీ కాదు, పాతదే. అందుకని ప్రతి పగులూ లెక్క చూడాలి. ఆయన ఆస్పత్రిలో చేరాక కూడా, “ఈ పగుళ్ళ లెక్క ఒక్కటి తేలితే వచ్చేస్తాను నాన్నా,” అనేది.

ఆ లెక్క తేలేసరికి నాన్న లేడు.

నిన్న చివరి సభలో, ఇక పత్రికకి పంపడమే తరువాయి అనగా, అల్లుడూ ఇంకొకాయనా లేచి చెప్పారట. ఆ ఎక్కువ వచ్చినవి నిజం కాదు, వెతికేవాళ్ళు మెలకువగా ఉన్నారో లేదో చూడడానికి మేమే తయారుచేసి కలిపాం అని. అలా కలిపేవాళ్ళు ఇద్దరుంటారు. ఎవరో ఎవరికీ తెలియదు. ఆ పద్ధతి అంతే.

“తప్పుకోవచ్చుగా?” కూతురు గొంతు తగ్గింది. అరిచినప్పటికంటే ఇదే భయంగా ఉంది పెద్దావిడకి. “మా ఆవిడ ఆ వెతికే గుంపులో ఉంది, ఈ పని నాకొద్దు అని చెప్పొచ్చుగా?”

“నన్ను పెట్టినప్పుడు నువ్వు ఆ గుంపులో లేవు. నువ్వు అందులోకి మారేసరికి కలపడం అయిపోయింది. అప్పుడు తప్పుకుంటే ఎందుకు తప్పుకున్నాడని అడుగుతారు. కలిపారు కాబట్టే తప్పుకున్నాడు అనుకుంటారు. నోరు విప్పి చెప్పినదానికీ దానికీ తేడా ఏముంది?”

“ఎంత చక్కగా కుదిరిందో!”

“కుదరలేదు. ఇరుక్కున్నాను.”

“ఇరుక్కున్నది నువ్వు. పోయింది మాత్రం మా నాన్న.”

కూతురు ఒక కుర్తాని విసురుగా మడిచి సూట్‌కేసులో పెట్టిన చప్పుడు. మళ్ళీ ఇంకోటి.

“ఆయన దగ్గరికి వెళ్ళమన్నాను,” అన్నాడు అల్లుడు చివరికి. “ఎన్నిసార్లో అన్నాను.”

“అన్నావు. చెత్తబుట్ట బయట పెట్టి రమ్మన్నట్టు అన్నావు. ‘వెళ్ళిరా, ఇక్కడ కొంపలేం మునిగిపోవు’ అన్నావు. ఆ మాటకి నేనేం చేశానో తెలుసా? బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. నా పనంటే ఈయనకి ఇంత చులకనా అని. పంతానికి ఆ వారం ఇంకో రెండు గంటలు ఎక్కువ కూర్చున్నాను. నువ్వు తయారుచేసిన బొమ్మకి ప్రాణముందని రుజువు చెయ్యడానికి!”

“అంతకంటే గట్టిగా అంటే నీకు అర్థమైపోయేది.”

“అర్థమైతే ఏమయ్యేది? మా నాన్నని చూసేదాన్ని. ఆయన చేతిని పట్టుకునేదాన్ని. మీ ప్రయోగం చెడిపోయేది, అంతేగా? చెడిపోనీ!”

అల్మారా తలుపు దబ్బున మూసిన చప్పుడైంది.

పెద్దావిడ కళ్ళ ముందు ఆస్పత్రి గది నిలిచింది. ఆవిడ జన్మంతా ఆయన్ని సాగనంపడమే సరిపోయింది. డ్యూటీకి వెళ్ళిన ప్రతిసారీ ఇదే చివరిసారేమో అనుకునేది. తిరిగొచ్చినప్పుడల్లా ఉత్త పిచ్చిదాన్ని అనుకునేది. అసలు చివరిసారి వచ్చినప్పుడు మాత్రం తెలియలేదు. ఆయన ఆవిడ మణికట్టు పట్టుకుని ఒకటే మాట చెప్పాడు. “గువ్వకి చివరి సభ ఉంటుందిట. ఆ రోజు అది ఏడుస్తుంది. నువ్వు వెళ్ళి దాని పక్కనుండు. నేనుంటే ఇద్దరం వెళ్దాం.”

సంతోషంతో ఏడుస్తుందనే ఆవిడ అనుకుంది. అందుకే ఒక్క సంచీతో ఈ ఇంటికి వచ్చి ఉంటోంది. సభ అయ్యాక ఎవరైనా అభినందించడానికి వస్తారని కొత్త చెప్పులు కూడా కొనుక్కుంది. అవి డబ్బాలోనే ఉన్నాయి.

కాలింగ్ బెల్ మోగింది.

వచ్చినాయన కూతురి గుంపుకి పెద్ద. చేతిలో బిస్కట్ల డబ్బా. ల్యాబ్‌లో వెనకాల అందరూ ఆయన్ని నిదానం అంటారు. మాటకీ మాటకీ మధ్య టీ చల్లారిపోతుందని కూతురు వేళాకోళం చేసేది. ఇవాళ ఆయన మెట్లెక్కిన ఆయాసంతో ఇంకా నిదానంగా ఉన్నాడు.

“అమ్మాయి... ఉందా అండీ?”

“ఉంది బాబూ. కూర్చోండి.”

కూతురు జుట్టు ముడేసుకుంటూ బయటికి వచ్చింది. అల్లుడు వెనకే వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తన ఇంట్లో తనకి కుర్చీ లేనట్టు.

“చూడమ్మా,” అన్నాడు నిదానం. “నిన్నటిది... నువ్వు ఓటమి అనుకోకూడదు.”

“గెలుపా సార్?”

“అక్షరాలా. కలిపినవాటిలో ఒక్కటి కూడా జారిపోకుండా పట్టుకున్నావు. అంటే నీ వలకి చిల్లు లేదు. ఇప్పుడు ఆ దొంగవన్నీ తీసేశాక, మిగిలినదాంట్లో ఏమీ లేదు అని నువ్వు చెప్తే... ప్రపంచం నమ్ముతుంది.”

“ఏమీ లేదు అని.”

“లేదని గట్టిగా చెప్పగలగడం కూడా...”

“పెద్ద పనే. మొదటి రోజే చెప్పారు మాకు. అప్పుడు నోట్సు కూడా రాసుకున్నాను.”

నిదానం బిస్కట్ల డబ్బా మూత తియ్యబోయి మానేశాడు. ఎవరికి పెట్టాలో తెలియక దాన్ని మోకాళ్ళ మీదే ఉంచుకున్నాడు.

పెద్దావిడ టీ కప్పు ఆయన ముందు పెట్టి, వెళ్ళకుండా నిలబడింది. “ఒక్క మాట అడగొచ్చా బాబూ?”

“అడగండమ్మా.”

“తండ్రి చావుబతుకుల్లో ఉన్నాడని మీకు తెలుసా అప్పట్లో?”

“తెలుసు.”

“ఇదంతా ఉత్తిదని కూడా తెలుసా?”

“లేదమ్మా. నేను ఆ ఇద్దర్లో ఒకణ్ణి కాను. నిన్న అందరితోపాటే విన్నాను. నాకూ కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.” ఈ మాటలు మాత్రం ఆయన ఎక్కడా ఆగకుండా అన్నాడు. తర్వాత టీ వైపు చూస్తూ ఆగి, మళ్ళీ అన్నాడు. “అయినా నాదే తప్పు. ఉత్తిది కాకపోయినా నేనే బలవంతంగా పంపించి ఉండాల్సింది. నిజమైన రేణువైనా ఒక వారం ఆగేది. అది ఎక్కడికీ పోదు. ఎప్పట్నుంచో అక్కడే ఉంది కదా.”

ఓదార్చడానికే అన్నాడు పాపం. ఆ మాట నేరుగా వెళ్ళి ఎక్కడ తగిలిందో పెద్దావిడ చూసింది. కూతురి ముఖంలో ఉన్న కోపం ఒక్కసారి చప్పబడిపోయింది. దాని కింద ఇంకేదో బయటపడింది. నిన్నట్నుంచీ అంత కోపాన్ని ఎందుకు పోగేసుకుందో తల్లికి అప్పుడు తెలిసింది.

“అవును సార్,” అంది కూతురు మెల్లగా. “ఆగేదే.”

నిదానం వెళ్ళేటప్పుడు డబ్బా టీపాయ్ మీద పెట్టి వెళ్ళాడు. తలుపు దగ్గర అల్లుడి భుజం తట్టబోయి, కూతురు చూస్తోందని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

తలుపు మూసుకున్నాక కూతురు కుర్చీలోంచి లేవలేదు.

“విన్నావుగా,” అంది, భర్త వైపు చూడకుండా. “ఆగేదట. నాకే తెలియలేదు. నాన్న రోజూ తలుపు వైపు చూసుంటాడు. నర్సు చెప్పుల చప్పుడు వినపడినప్పుడల్లా నేనే అనుకుని ఉంటాడు. నేనేమో ఇక్కడ కూర్చుని...”

“అలా అనుకోకు,” అన్నాడు అల్లుడు.

“ఎలా అనుకోమంటావు?”

“ఆయన నీ కోసం చూస్తూ పోలేదు.”

“నీకేం తెలుసు?”

అల్లుడు గోడ దగ్గర్నుంచి కదిలాడు. పెద్దావిడకి ఆగు నాయనా అనాలనిపించింది. ఎందుకు ఆగమంటోందో తనకే తెలియదు.

“నీ బదులు నన్ను పంపావు గుర్తుందా? స్వెట్టరూ, రేడియో ఇచ్చి. అప్పుడాయన అడిగారు, గువ్వ ఎప్పుడొస్తుంది అని. ఆ మనిషి కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పలేకపోయాను. చెప్పేశాను.”

“ఏం చెప్పేశావు?”

“అంతా. అది నిజం కాదనీ, నేనే కలిపాననీ. ఈ లోకంలో నేను చెప్పింది ఆయనొక్కరికే.”

కూతురు నెమ్మదిగా తల తిప్పింది.

“నవ్వారు ముందు. దగ్గొచ్చేదాకా నవ్వారు. ‘ఉత్తుత్తిదాన్ని పట్టుకుని కూర్చుందా పిచ్చిది’ అన్నారు. తర్వాత నవ్వు ఆపి, ‘ఇప్పుడు దానికి చెప్పకు’ అన్నారు. ‘చెప్తే అది నా దగ్గరికి రాదు, నీ మీద కోపం మోసుకుని వస్తుంది. నా మంచం పక్కన కూర్చుని నిన్ను తిడుతుంది. నన్ను చూడదు. ఆ పనేదో అవనీ. మామూలుగా రానీ. నాకింకా టైముంది’ అన్నారు. డాక్టరు కూడా ఉందనే అన్నాడు, గువ్వా. మేమిద్దరం నమ్మాం.”



“ఛీ,” అంది కూతురు.

“నిజం.”

“నువ్వు చేసిన పనికి మా నాన్న దగ్గర అనుమతి పుట్టిస్తున్నావా? పోయినవాళ్ళు అన్నారని ఏమైనా అనొచ్చు. లేచొచ్చి కాదంటారా? నెలల తరబడి నా ముందు నోరు మూసుకున్నవాడివి. ఇవాళ విప్పింది నోరే అనుకోమంటావా, ఇంకో కల్తీ అనుకోమంటావా? నేనెలా నమ్మేది?”

“నమ్మనవసరం లేదు. నిన్ను నువ్వు తిట్టుకోవద్దని చెప్పానంతే.”

“నన్ను నేను తిట్టుకోకుండా ఉండాలంటే మా నాన్న నన్ను రావద్దన్నాడని నమ్మాలా? భలే మందు!” అని కూతురు లేచి నిలబడింది. “అమ్మా, నువ్వు అక్కడే ఉన్నావుగా. నువ్వు చెప్పు. నాన్నకి తెలుసా?”

పెద్దావిడకి ఆస్పత్రి గది మళ్ళీ కనిపించింది. ఈసారి ఇంకో వెలుగులో. తను మందుల షాపు నుంచి తిరిగొచ్చేసరికి అల్లుడు కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు, దగ్గు వల్ల అన్నాడు. ఆ సాయంత్రమే మణికట్టు పట్టుకుని చెప్పాడు. ఆ రోజు అది ఏడుస్తుంది, నువ్వు దాని పక్కనుండు.

సంతోషంతో కాదు. ఆయనకి తెలుసు.

తెలిసి పిలవలేదు. తెలిసి తనకీ చెప్పలేదు. గువ్వా గువ్వా అని నోరారా పిలుచుకున్న మనిషి, కూతురి కోపం తన మంచం దాకా రాకూడదని, కూతుర్నే రానివ్వలేదు.

చెప్తే ఈ కాపురం నిలుస్తుందేమో. కానీ కూతురికి ఇక ఆ తండ్రి మిగలడు. ఉన్నదొక్కటే దానికి, నాన్న నా కోసం చూశాడు అన్నది. బాధే అయినా దాన్నే పట్టుకుని నిలబడి ఉంది.

“అత్తయ్యని లాగకు,” అన్నాడు అల్లుడు గబుక్కున. “ఆవిడ అప్పుడు మందుల కోసం కిందికి వెళ్ళారు. ఆవిడకి తెలియదు.”

పెద్దావిడ అతని వైపు చూసింది. అతను చూపు తిప్పుకోలేదు. ఆయన ఆవిణ్ణి ఈ ఇంటికి ఎందుకు పంపాడో అతనికి తెలుసు. తెలిసే ఆవిడకి తప్పుకునే దారి ఇచ్చాడు.

“నేను లేను అప్పుడు,” అంది పెద్దావిడ.

మాట నిజమే. అయినా నోట్లో చేదుగా తగిలింది.

“అనుకున్నాను,” అంది కూతురు. గదిలోకి వెళ్ళి సూట్‌కేసు జిప్పు లాగింది. ఒకచోట ఇరుక్కుంటే మోకాలు పెట్టి నొక్కి మరీ లాగింది. “ల్యాబ్ గెస్ట్‌హౌస్‌లో గది చెప్పాను. నీకూ కలిపి. సంచీ తెచ్చుకో అమ్మా.”

“నేనెందుకే...”

“మరి ఈయనతో ఉంటావా?”

పెద్దావిడ సంచీ తెచ్చుకుంది. సర్దడానికి పెద్దగా ఏమీ లేదు. చెప్పుల డబ్బా ఒక్కటే పట్టక, చేత్తో పట్టుకుంది.

కూతురు ముందుగా మెట్లు దిగింది. సూట్‌కేసు ఒక్కో మెట్టుకీ ధన్‌మని కొట్టుకుంటోంది. కింద ఆటో ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంది.

“అత్తయ్యా.”

అల్లుడు ఫ్రిజ్ మీద ఉండే మందుల పొట్లం తెచ్చి అందించాడు. “ఇవి మర్చిపోయారు. తెల్లవి భోజనానికి ముందు. ఆ చిన్న మాత్ర వేసుకుంటే వెంటనే లేవకండి, కళ్ళు తిరుగుతాయి.”

“నాయనా, నేను...”

“వద్దండీ. మామయ్య మాట మామయ్యదే. అలాగే ఉండనివ్వండి.”

అతను ఒక్క మాట నిష్టూరంగా అన్నా ఆవిడకి దిగడం తేలికయ్యేది.

“ఏమంటున్నాడమ్మా?” కింద నుంచి కూతురు కేక.

“ఏం లేదు. మందులు.”

పెద్దావిడ రెయిలింగ్ పట్టుకుని దిగసాగింది. జీవితంలో ఎంతమందినో గుమ్మంలో నిలబడి సాగనంపింది. గుమ్మంలో ఒకణ్ణి నిలబెట్టి తను వెళ్ళిపోవడం ఇదే మొదలు. వెళ్ళేవాళ్ళకి వీపు ఇంత బరువుగా ఉంటుందని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. చాలా సంగతులు చెప్పలేదు ఆ మనిషి.

మెట్ల మలుపు దగ్గర ఆగిపోయింది.

“గువ్వా,” అంది. “కొంచెం ఆగవే.”

సూట్‌కేసు మెట్టు మీద ఆనిన చప్పుడైంది. కూతురు తల తిప్పలేదు.

“ఏం చెప్పాలన్నా కిందికొచ్చి చెప్పమ్మా. ఆ ఇంటి మెట్ల మీద చెప్పేదేదీ నేను వినను.”

పెద్దావిడ పైకి చూసింది. తలుపు ఇంకా తెరిచే ఉంది. మనిషి మాత్రం అక్కడ లేడు.